ఘాటీ దించిన చెయ్యి

మా గోదావరి జిల్లాల డ్రైవర్లంత మొనగాళ్ళు ఎక్కడా లేరని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మొనగాళ్ళే, కాదనను. ఎక్కడ? బల్లపరుపు నేల మీద. మా కోనసీమలో ఎత్తు అంటే ఏటిగట్టు, పల్లం అంటే ఆ గట్టు దిగే చోటు. అంతకు మించి మాకు కొండా తెలియదు, లోయా తెలియదు. అలాంటి నేల మీద పుట్టి పెరిగిన ఒక పెద్దమనిషి చేతిలో నా చెల్లెలి ప్రాణం పెట్టి మారేడుమిల్లి ఘాటీ దిగవలసి వచ్చింది. దిగాక జరిగింది ఇంకా ఘోరం. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

అప్పుడు నేను హైదరాబాదులో ఒక కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. చెల్లెలికి ఏజెన్సీలో టీచరు ఉద్యోగం వచ్చి ఏడాది కూడా కాలేదు. మారేడుమిల్లి దాటి ఘాటీ ఎక్కాక, కొండ మీద ఉన్న ఒక ఆశ్రమ పాఠశాల. నాన్నగారు వద్దంటే వద్దన్నారు. అది వింటేనా! "అక్కడి పిల్లలకి లెక్కలు చెప్పే దిక్కు లేదు నాన్నగారూ" అని పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, ఒక ఉదయం వాళ్ళ హెడ్‌మిస్ట్రెస్ గారు నాకు ఫోన్ చేశారు. మలేరియా. జ్వరం దిగడం లేదు, మాట తడబడుతోంది, ఉండుండి మనిషిని గుర్తుపట్టడం లేదు. అక్కడి డాక్టరు తన చేతిలో ఉన్న ఇంజెక్షన్లు చేసి, మెదడుకి ఎక్కేలా ఉంది, రాజమండ్రి పెద్దాసుపత్రికి దింపెయ్యండి అన్నారట. ఆ ఊరి ఆసుపత్రి జీపేమో చెడిపోయి మూలన పడి ఉంది. బస్సులో కూర్చోబెట్టే స్థితి కాదు. "ఎవరో ఒకరు కారు తీసుకుని ఈరోజే రండమ్మా, రేపటిదాకా ఆగకండి" అన్నారావిడ.

రాజమండ్రికి అప్పుడే ఒక చిన్న విమానం మళ్ళీ తిరగడం మొదలైంది. దానికి పరిగెత్తాను. మా ఆయన ఊళ్ళో లేరు. నాన్నగారికి మోకాలు వాచి అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతున్నారు. "మీరూ అమ్మా తిన్నగా ఆసుపత్రికి వచ్చి కూర్చోండి, నేను దాన్ని దింపుకొస్తాను" అని ఫోన్లో చెప్పేశాను.

మధురపూడి విమానాశ్రయం అంటే అప్పట్లో ఒక చిన్న భవనం, చుట్టూ పొలాలు. బయట రేకుల షెడ్డు, దాని ముందు వరసగా కార్లు. విమానం దిగేది గుప్పెడు మంది, ఆ గుప్పెడు మంది కోసం స్టాండువాళ్ళు పెట్టుకున్న నియమం ఒకటే: సీరియల్. వరసలో ముందున్న బండే వెళ్ళాలి. నువ్వు పెళ్ళికి వెళ్తున్నావా, ప్రాణం మీదికొచ్చి వెళ్తున్నావా, నేల మీద పోతావా, కొండెక్కుతావా, ఇవేవీ వాళ్ళకి పట్టవు. వరసలో వెనకగా ఒక జీపు ఉంది, పెద్ద చక్రాలు, దిట్టంగా. మొదట ఉన్నది ఒక ముసలి అంబాసిడరు. ముందు సీటు బల్లలా ఒకటే, గేరు కర్ర స్టీరింగు పక్కన. అలాంటివి మా చిన్నప్పుడే మాయమైపోయాయి అనుకున్నాను.

"నాకు ఆ జీపు కావాలండి. ఘాటీ ఎక్కి ఈరోజే దిగాలి. పేషెంటు ఉంది" అన్నాను స్టాండు పెద్దతో.

"ఆయ్, అలాగేనండి. ముందు మీరు కూర్చోండమ్మా. మంచినీళ్ళు తాగుతారా?"

"నీళ్ళొద్దండీ, జీపు కావాలి."

"జీపు వంతు రాలేదండి. ఈ అంబాసిడరు నిన్నట్నించి వెయిటింగులో ఉందండి. దాని నోటికాడ కూడు మనం తియ్యకూడదు కదండి."

ఆ కారుకి నోరుందని నాకు ఆరోజే తెలిసింది. "పోనీ ఆ అంబాసిడరు డ్రైవరునే జీపు తోలమనండి, లేదా జీపు నాకివ్వండి, నేనే నడుపుకుని పోతాను. లైసెన్సు ఉంది, హైదరాబాదులో రోజూ నడుపుతాను" అన్నాను.

షెడ్డు కింద ఉన్నవాళ్ళందరూ నవ్వారు. పగలబడి నవ్వినా బాగుండేది. మర్యాదగా, మూతి పక్కకి తిప్పుకుని, నా పరువు కాపాడుతున్నట్టు నవ్వారు. మావాళ్ళు తిట్టినా చివర 'అండి' చేర్చి తిడతారు. "ఘాటీ అండి అది" అన్నాడు స్టాండు పెద్ద, "ఫ్యామిలీలు నడిపే రోడ్డు కాదండి." ఫ్యామిలీ అంటే మా దగ్గర సంసారం కాదు, ఆడమనిషి. "అయ్యగారు రాలేదాండి? మగోళ్ళెవరూ లేరాండి మీతో?" అని కూడా అడిగాడు, పాపం, ఎంతో జాలిగా.

నా దగ్గర వాదించే టైము లేదు. ఆ అంబాసిడరే ఎక్కాను. ఎక్కానే గానీ, ఆ నవ్వు మాత్రం కోరుకొండ దాటినా చెవుల్లోనే ఉంది.

వాళ్ళకేం తెలుసు నేను బండి నడపడం ఎక్కడ నేర్చుకున్నానో! మాది లంక ఊరు. ఎండాకాలం పాయ ఎండిపోతే ఊరికీ లంకపొలాలకీ నడుమ మిగిలేది ఇసుకే. కనుచూపు మేర ఇసుక, చెట్టు లేదు, నీడ లేదు, కాలు పెడితే బొబ్బలు. ఎడారి చూడాలంటే మేము రాజస్థాన్ పోనక్కర్లేదు. అరటిగెలలు చేరవెయ్యడానికి నాన్నగారి దగ్గర ఒక పాత జీపు ఉండేది. ఒక వేసవిలో డ్రైవరు చెప్పా పెట్టకుండా మానేశాడు. గెలలు తోటలో పండిపోతున్నాయి. అప్పుడు నాన్నగారు ఇంటర్ చదువుతున్న నన్ను జీపెక్కించి తనే నేర్పారు. "ఇసుకలో ఆగావో, కూరుకుపోతావు. తొందరపడ్డావో, ఇంకా కూరుకుపోతావు. చిన్న గేరులో పెట్టి, ఇంజను చేతే పని చేయించు. కాళ్ళతో కంగారు పడకు" అనేవారు. ఆ వేసవీ, ఆ తర్వాతి వేసవీ గెలలన్నీ నేనే దాటించాను. ఆ తర్వాత పాయ మీద కాజ్‌వే కట్టారు, తారు రోడ్డు వేశారు. మర్నాడే నాన్నగారు తాళంచెవి తీసేసుకున్నారు. "రోడ్డు మీద నలుగురూ చూస్తారమ్మా" అన్నారు. ఇసుకలో చూసేవాడు లేడు కాబట్టి నేను డ్రైవర్ని, రోడ్డు పడగానే ఆడపిల్లనైపోయాను. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, ఏరు దాటాక బోడిమల్లయ్య అని ఊరికే అన్నారా?

మా డ్రైవరు నాన్నగారి కంటే ఓ పదేళ్ళు చిన్న. ఇస్త్రీ చొక్కా, నుదుట విభూది, మెడ చుట్టూ తువ్వాలు. మాట తేనె. గోకవరం చేరేలోపు మా ఊరు, మా ఇంటిపేరు, మా అత్తగారి ఊరు కనుక్కుని, వాళ్ళ మేనత్త ఆడపడుచు మా పక్క ఊరేనని తేల్చేశాడు. రంపచోడవరం దాటాక అడవి మొదలైంది. ఘాటీ మొదట్లో అమ్మవారి రాయి దగ్గర ఆపి కొబ్బరికాయ కొట్టి, ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. అమ్మవారితో నాకు పేచీ లేదు, నేనూ దణ్ణం పెట్టుకున్నాను. "ఘాటీ ఎన్నిసార్లు ఎక్కారండీ?" అని అడిగాను. "ఏజెన్సీ మనకి కొట్టినపిండేనండి" అన్నాడు. ఆ కొట్టిన పిండి రంపచోడవరం దాకానేనని నాకు అప్పుడు తెలియదు.

ఎక్కడం బానే ఎక్కింది, ఆయాసపడుతూ. బడి దగ్గర దిగి చెల్లెలి గదికి పరిగెత్తాను. మంచం మీద పుల్లలా ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు. "చిన్నీ, అక్కనే" అంటే "ఎక్కాలు చదవండి" అంది నాతో. హెడ్‌మిస్ట్రెస్ గారు చీర కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. దుప్పట్లు చుట్టి వెనక సీట్లో పడుకోబెట్టి, తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. డాక్టరు ఒక్కటే మాట చెప్పారు: "దారిలో ఎక్కడా ఆగకండి. మూర్ఛ వస్తే కష్టం."

ఘాటీ దిగడం మొదలైంది. మొదటి మలుపు తిరిగామో లేదో, ఇంజను చప్పుడు ఆగిపోయింది. గాలి చప్పుడు, టైర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. బండి చెడిపోయిందనుకుని నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏమైందండీ?"

"ఏం లేదండి. దిగుడే కదండి, ఇంజను ఆపేశానండి. న్యూట్రల్‌లో పోద్దండి. డీజిల్ కలిసొస్తుందండి."

ఇక్కడ మావాళ్ళ ఘనకార్యం ఒకటి చెప్పాలి. ఏటిగట్టు మీంచి ఊళ్ళోకి దిగేటప్పుడు మా వైపు ప్రతి డ్రైవరూ ఇంజను ఆపేస్తాడు. కారు, జీపు, వ్యాను, ఏదైనా సరే. గట్టు దిగిన ఊపుతో బండి ఎంత దూరం పోతే అంత పనివాడు. మా ఊళ్ళో పందాలు కూడా కాసేవారు, ఎవరి బండి ఏ ఇంటి అరుగు దాకా పోతుందని. అది పొదుపూ, పనితనమూ, దర్పమూ అన్నీ కలిసిన విద్య. నాలుగు బారల వాలు కాబట్టి చెల్లిపోతుంది, చివర ఎలాగూ చదునే. ఈ మహానుభావుడు ఆ గట్టు విద్యని తెచ్చి ఘాటీ మీద పెట్టాడు. ఒక పక్క కొండ, ఇంకో పక్క పాతాళం, మధ్యలో జడలా మెలికలు తిరిగిన రోడ్డు, వెనక సీట్లో నా చెల్లెలు.

"ఇంజను వెయ్యండి. గేరులో దింపండి" అన్నాను.

"గేరులో దింపితే ఇంజను అరుస్తుందండి. పాడైపోద్దండి."

"అరవనివ్వండి!"

"మీరు కంగారు పడకండమ్మా. ఇరవై ఏళ్ళ సర్వీసండి. మీరు పాపగారిని చూసుకోండి, రోడ్డు సంగతి నాకొదిలెయ్యండి."

దున్నపోతు మీద వాన కురిసినట్టే. ఆయన బ్రేకు మీద కాలు పెట్టి తియ్యడం లేదు. ఇంకొన్ని మలుపులు దిగేసరికి కాలిన రబ్బరు వాసన. ఆ తర్వాత ముందు చక్రాల నుంచి సన్నగా పొగ. చెల్లెలి ఒళ్ళు నా చేతుల్లో కాలిపోతోంది, బయట బ్రేకులు కాలిపోతున్నాయి. "బాబూ, ఆపండి" అని అరిచాను. ఆయన ఆపడానికే తొక్కాడు. పెడలు నేలకి దిగిపోయింది. మళ్ళీ తొక్కాడు, మళ్ళీ తొక్కాడు. ఆ క్షణం నాకు కనిపించింది ఆయన మెడ. తేనె మాటలన్నీ పోయి, మెడ వెనక చెమట ధారగా కారుతోంది. గేరు వెయ్యబోయాడు, అది కరకరమంటూ పడలేదు. మలుపు దగ్గరికి వచ్చేస్తోంది. ఏ దేవుడు బుద్ధి పుట్టించాడో, బండిని కొండ వైపు కాలవలోకి తిప్పాడు. మట్టిగట్టుకి మడ్‌గార్డు రాసుకుంటూ పోయి పోయి ఆగింది. నేను చెల్లెలి మీద వంగి, దాని తలని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాను. దానికి ఏమీ తెలియలేదు.

ఆయన దిగాడు. చక్రాలకేసి చూశాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఇంత జరిగాక ఆయన నోటి నుంచి వచ్చిన మాట ఏంటో తెలుసా? "వేడెక్కాయండి. ఓ గంటో రెండు గంటలో చల్లారనిస్తే, మళ్ళీ ఇలాగే మెల్లగా దిగిపోవచ్చండి." మళ్ళీ ఇలాగే అట! రాతి మీద కూర్చుని బీడీ కూడా తీశాడు. చెల్లెలి పెదాలు ఎండిపోయి పగుళ్ళు వేశాయి. చేతివేళ్ళు వాటంతటవే ముడుచుకుంటున్నాయి. మూర్ఛకి ముందు అలాగే అవుతుందని ఎక్కడో విన్నాను.

"తాళం ఇలా ఇవ్వండి" అన్నాను.

"ఎందుకండి?"

"ఇవ్వండి!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అడవిలో ఏవో పిట్టలు లేచిపోయాయి. ఆయన బీడీ పారేసి తాళం నా చేతిలో పెట్టాడు.

ముందు సీటు బల్లలా ఉంది కదా, చెల్లెల్ని వెనక నుంచి తెచ్చి ముందు పడుకోబెట్టి, తల నా తొడ మీద పెట్టుకున్నాను. ఆయన్ని వెనక కూర్చోమన్నాను. పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. పెడలు కాస్త గట్టిపడేదాకా ఆగి, ఇంజను వేసి, వెనక్కి తీసి కాలవలోంచి బయటపడ్డాను. రెండో గేరు. ఆ ముసలి ఇంజను గావుకేకలు పెట్టింది. పెట్టనీ! ఆ కేకలే మమ్మల్ని వెనక్కి పట్టుకుని ఆపుతున్నాయి. మరీ వాలుగా ఉన్నచోట మొదటి గేరు. బ్రేకు ముట్టుకుంటే ముట్టుకున్నాను, లేకపోతే లేదు. కాళ్ళతో కంగారు పడకు, ఇంజను చేతే పని చేయించు. ఇసుకైనా కొండైనా ఆ మాట ఒకటే. వెనక నుంచి ఆయన "ఇంజను పాడైపోద్దండి, ఓనరు గారు ఊరుకోరండి" అని గొణుగుతూనే ఉన్నాడు. నాకు అప్పుడు మలుపు తప్ప ఇంకేమీ కనిపించలేదు, వినిపించలేదు. మారేడుమిల్లి ఇళ్ళు కనపడ్డాక చూసుకుంటే రెండు చేతులూ స్టీరింగుకి అతుక్కుపోయినట్టున్నాయి.

రంపచోడవరం దాటి, గోకవరం దగ్గర నేల చదునయ్యాక ఆయన చేతులు నలుపుకుంటూ, "అమ్మగారూ, ఇక నేను పట్టుకుంటానండి. స్టాండువాళ్ళు చూస్తే పరువు పోతుందండి" అన్నాడు. నాకూ చెల్లెలి నోట్లో చెంచాతో నీళ్ళు పొయ్యాల్సిన అవసరం ఉంది. సరేనని అక్కాచెల్లెళ్ళం ఇద్దరం వెనక సీట్లోకి మారాం. ఆ మారడమే నా కొంప ముంచింది.

ఆసుపత్రి వసారాలో నాన్నగారు కర్ర ఆనించుకుని నిలబడి ఉన్నారు. కారు ఆగింది. స్టీరింగు దగ్గర ఎవరున్నారు? ఆయన. ఒక్క ఉదుటున దిగి, "తప్పుకోండి, తప్పుకోండి" అని అరుస్తూ స్ట్రెచరు తెప్పించింది ఎవరు? ఆయనే. మడ్‌గార్డు సొట్ట చూసి నాన్నగారు నోరు తెరిస్తే, "పెద్ద గండం తప్పిందండి, బ్రేకులు ఫెయిలైపోయాయండి, కొండకేసి కొట్టి ఆపానండి" అన్నాడు. ఒక్క ముక్క అబద్ధం లేదు చూశారా! నాన్నగారు ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నాకు అప్పుడు అవన్నీ పట్టించుకునే తెలివి ఎక్కడిది, స్ట్రెచరు వెనక పరిగెత్తాను.

నాలుగైదు రోజులు చెల్లెలు అటూ ఇటూ ఊగిసలాడింది. ఒక మధ్యాహ్నం కళ్ళు తిప్పి నన్ను చూసి, "అక్కా, నువ్వెప్పుడొచ్చావే?" అంది. నేను బాత్రూములోకి వెళ్ళి తనివితీరా ఏడ్చి వచ్చాను. గండం గడిచిందన్నారు డాక్టరు గారు. ఇంకొన్ని గంటలు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని కూడా అన్నారు.

ఇక మొదలైంది కథ. చూడవచ్చిన ప్రతి చుట్టానికీ నాన్నగారు డ్రైవరు గొప్పతనం చెప్పడమే. బ్రేకులు పోయాయట, అయినా ఆయన నిబ్బరం పోలేదట. చెప్పిన కొద్దీ లోయ లోతు పెరిగింది, మలుపు మెలి పెరిగింది. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇంజను ఆపింది ఆయన, బ్రేకులు కాల్చింది ఆయన, ఘాటీ దింపింది నేను అని. నాన్నగారు నా తల నిమిరారు. "కంగారులో నీకు అలా అనిపించి ఉంటుందమ్మా" అన్నారు. అనిపించడమా!

"ఇసుకలో జీపు నడిపించింది మీరు కాదా నాన్నగారూ?"

"ఇసుక వేరమ్మా, కొండ వేరు."

"మరి ఆయనకి గట్టు వేరు, కొండ వేరు కాదా?"

ఆ సాయంత్రమే నాన్నగారు డ్రైవర్ని పిలిపించి, కొత్త పంచెల చాపు, పళ్ళు పెట్టి ఇచ్చారు. నేను అక్కడే నిలబడి, "మీరే చెప్పండి, కొండ మీద నుంచి గోకవరం దాకా బండి ఎవరు నడిపారు?" అని నిలదీశాను. ఆయన నాకేసి ఎంతో వాత్సల్యంగా చూశాడు.

"ఆయ్, అమ్మగారు కూడా కాసేపు పట్టుకున్నారండి. సరదా పడ్డారండి."

సరదా! నా చెల్లెలి తల తొడ మీద పెట్టుకుని, పొగలు కక్కే బ్రేకులతో, లోయ అంచున నేను సరదా పడ్డానట. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, ఆయన అన్నదానికన్నా అది విని వసారాలో చుట్టాలు ముసిముసిగా నవ్వినందుకు నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. అమ్మ నన్ను పక్కకి లాగి, "పోనీలేవే, పిల్ల దక్కింది, అదే పదివేలు. ఎవరు దింపితే ఏంటి?" అంది. మా ఇంట్లో ఆడవాళ్ళ పనులన్నీ ఈ 'పోనీలే'లోకే పోయాయి. అమ్మవి, అమ్మమ్మవి, అన్నీ. ఎవరు దింపితే ఏంటని అడగడం తేలిక. ఆయనే దింపి ఉంటే పిల్ల దక్కేదా అన్నది అడిగేవాళ్ళు లేరు.

డిశ్చార్జి రోజున ఆసుపత్రి గేటు దగ్గర అదే అంబాసిడరు. మడ్‌గార్డు సొట్ట కూడా తియ్యలేదు. "చెయ్యి మంచిదమ్మా, అందుకే మళ్ళీ పిలిపించాను" అన్నారు నాన్నగారు, ముందు సీట్లో సర్దుకుంటూ. పంచెల చాపు పుచ్చుకున్న ఆ పెద్దమనిషి స్టీరింగు ముందు దర్జాగా కూర్చుని ఉన్నాడు. నేను పళ్ళు బిగబట్టి చెల్లెలి భుజం చుట్టూ చెయ్యి వేసి తెచ్చాను. చెల్లెలు కారు తలుపు పట్టుకుని ఆగిపోయింది. నీరసానికి కాళ్ళు వణుకుతున్నాయి, అయినా ఎక్కడం లేదు.

"అక్క నడపదా?" అంది.

"అక్కేంటమ్మా, డ్రైవరు గారున్నారుగా! నిన్ను కొండ దింపింది ఆయనే" అన్నారు నాన్నగారు.

చెల్లెలు ఆయన్నీ, నాన్నగారినీ మార్చి మార్చి చూసింది. ఇన్ని రోజులూ వసారాలో సాగిన కథ అది వినలేదు, దాని ముందు ఎవరూ ఆ ప్రస్తావన తేలేదు. దానికి ఏమీ గుర్తు లేదనే అందరం అనుకున్నాం, నేనూ అదే అనుకున్నాను.

"నాన్నగారూ, నాకు కళ్ళు తెరుచుకోలేదు గానీ, కొంచెం కొంచెం తెలుస్తూనే ఉంది. నా తల అక్క ఎడమ తొడ మీద ఉంది. క్లచ్ తొక్కినప్పుడల్లా నా తల ఇలా పైకి లేచి కిందికి దిగేది. అక్క గొంతు పైనుంచి వినపడేది. 'ఇంకొక్క మలుపే చిన్నీ, ఇంకొక్కటే' అని. ఆ ఒక్కటీ అయ్యాక మళ్ళీ 'ఇంకొక్కటే' అనేది. ఎన్నిసార్లు అబద్ధం చెప్పిందో! ఆ ఇంకొక్కటి కోసమే నేను ఉన్నాను నాన్నగారూ. వెనక నుంచి ఎవరో ఇంజను పాడైపోద్ది, ఇంజను పాడైపోద్ది అంటూనే ఉన్నారు."

నేను దారిలో మాట్లాడానని నాకే తెలియదు. ఒక్క మాట కూడా గుర్తు లేదు. ఆసుపత్రి గేటు దగ్గర, అంతమంది మధ్య, నిలబడిన చోటే నాకు కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి.

నాన్నగారు కర్ర తీసుకుని, వాచిన మోకాలితో కష్టపడి దిగి, వెనక్కి వెళ్ళి అమ్మ పక్కన కూర్చున్నారు. డ్రైవరు కూడా దిగక తప్పలేదు. ఆయనా వెనక సీట్లోనే ఒదిగి కూర్చున్నాడు. చెల్లెలు ముందు ఎక్కి, కూర్చునే ఓపిక ఉన్నా, నా తొడ మీద తల పెట్టుకుని పడుకుంది. నేను తాళం తిప్పాను.

ఊరు దాటి హైవే ఎక్కాక వెనక నుంచి ఆ తేనె గొంతు మళ్ళీ వినిపించింది. "అమ్మగారి చెయ్యి చాలా మంచిదండి. నేను ఆ రోజే చెప్పానండి" అన్నాడు. అక్కడే దింపేసేదాన్నే, బండి ఆయన తెచ్చింది అయిపోయింది గానీ. నేను నోరు తెరిచేలోపు నాన్నగారు అందుకున్నారు.

"నువ్వు కాసేపు ఊరుకో బాబూ. మా అమ్మాయి బండి నడుపుతోంది."